మామ ట్రాక్టరు ఆగిపోయిన ఎండాకాలం

నేను కోడలిగా ఆ ఇంటికి పోయేటప్పటికే ఆ ట్రాక్టరు ముసలిదైపోయింది. ఎర్రరంగు వెలిసి ఇటుకపొడి రంగుకు దిగింది. ముందు లైట్లలో ఒకటి లేదు. అది ఉండాల్సిన గుంతలో పిచ్చుకలు గడ్డి పెట్టుకునేవి. బ్యాటరీకి ఎప్పుడూ నీరసమే. సెల్ఫ్ తిరగని రోజు బ్రేకు వదిలి, వాకిలి వాలులో దొర్లించి, గేరు వేసి స్టార్టు చేసేవాళ్లు.

యలహంక దాటి ఇంకా పైకి పోతే తొంభైల్లో అంతా ద్రాక్షతోటలు, మధ్యమధ్య రాగిచేలు. మాదీ ద్రాక్షతోటే. తాతల నాడు మడకశిర వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. నేను పోయేనాటికే అత్త లేదు. ఇంట్లో మామ, ఆయన ఒక్కగానొక్క కొడుకు, అంటే నా మొగుడు, నేను. అంతే.

మామ ఇంజన్ల పనిలో గట్టివాడు. చుట్టుపక్కల ఎవరి ట్రాక్టరు మొరాయించినా ఆయన కోసం వచ్చేవాళ్లు. ఆయన పోయి ఇంజను పక్కన గొంతుక్కూచుని, కాసేపు విని, "నాజిల్ పోయిండాది" అనో, "పంపులో గాలి చేరిండాది" అనో చెప్పేవాడు. చాలాసార్లు అదే నిజమయ్యేది. పరాయివాళ్లతో నెమ్మదిగా, నవ్వుతూ మాట్లాడేవాడు. ఇంటికొచ్చి కొడుకును చూడగానే ఆ నవ్వు పోయేది. కొడుకును పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. "సోంబేరీ" అనేవాడు. పనిదొంగ అని అర్థం. నా మొగుడు పనిదొంగ కాదు. తెల్లవారకముందే లేచి తోటకు నీళ్లు కట్టే మనిషి. కాకపోతే తండ్రి పక్కన నిలబడితే స్పానరు జారేది. అది జారిన ప్రతిసారీ మామకు ఒక మాట దొరికేది.

పెళ్లయిన మొదటి ఏడాదే ఒక పొద్దున ట్రాక్టరు వణకడం మొదలుపెట్టింది. లాగే బలం లేదు, సైలెన్సరులోంచి తెల్లపొగ. మూడు సిలిండర్లలో ఏదో ఒకటి పనిచేయడం లేదని మామ చూస్తూనే చెప్పాడు. ఏదన్నది తేలాలి. ద్రాక్షకొమ్మలు కత్తిరించడానికి వచ్చిన కూలీలు వాకిట్లో కూర్చుని అంబలి తాగుతున్నారు. నేను వాళ్లకు ఉల్లిపాయలు పంచుతున్నాను. ఇంజను తిరుగుతూనే ఉంది.

"రారా ఇట్ల," అని మామ కొడుకును పిలిచాడు. ఒక్కో సిలిండరు నుంచి పొగ బయటికి వచ్చే ఇనప గొట్టాలు చూపించాడు. "చెయ్యి పెట్టి చూడు. పని చేసేది కాలుతుంది. చల్లగుండేది చెడిపోయిండాది."

"గుడ్డ తీసుకొస్తా నాయనా."

"గుడ్డకేం తెలుస్తుందిరా? చెయ్యి పెట్టు."

నా మొగుడు మొదటిదాని మీద వేళ్లు ఆనించి చటుక్కున తీసుకున్నాడు. "మొదటిది బాగుండాది," అన్నాడు మామ. రెండోదానికి కొడుకు చెయ్యి ముందుకు రాలేదు. మామ ఆ మణికట్టు పట్టుకుని గొట్టానికేసి అదిమాడు. చర్మం కాలిన వాసన నా దాకా వచ్చింది. "రెండోదీ బాగుండాది," అన్నాడు అదే గొంతుతో.

"ఇంక మూడోదే గదా నాయనా. తెలిసిపాయె గదా."

"చూడమంటి గదా."

మూడోదాని మీదా పెట్టించాడు. సగం చచ్చిన సిలిండరు అయినా ఇంజను వేడికి అదీ కాలుతుంది. కూలీల్లో ఒకాయన నవ్వాడు. నన్ను చూసి ఆపేసి తల దించుకుని అంబలి తాగాడు. మామ స్పానరు తీసుకుని మూడో సిలిండరులోకి డీజిల్ చిమ్మే నాజిల్ విప్పడం మొదలుపెట్టాడు. లోపలికి పోయి నా మొగుడి చేతికి కొబ్బరినూనె రాశాను. అతను గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

ఆ పరీక్షకు చెయ్యి కాల్చుకోనక్కరలేదని నాకు తర్వాత తెలిసింది. నాజిల్‌కు డీజిల్ తెచ్చే సన్నగొట్టం నట్టు కాస్త వదులు చేస్తే చాలు. ఇంజను చప్పుడు తగ్గిందంటే ఆ సిలిండరు పని చేస్తున్నట్టు, తగ్గలేదంటే చెడినది అదేనన్నట్టు. మామ తానొక్కడే ఉన్నప్పుడు ఎప్పుడూ అట్లాగే చూసుకునేవాడు.

అది నాకెట్లా తెలిసిందంటే, ఆ తర్వాత నా మొగుడు ట్రాక్టరు రిపేరికి రావడం మానేశాడు. దుక్కి దున్నమంటే దున్నేవాడు, అది ఆగిపోతే దిగి వచ్చేసేవాడు. మామ నన్ను పిలవడం మొదలుపెట్టాడు. "మే, రా. ఈ పంపు కొట్టు." ఆయన పైన మర వదులు చేస్తే, నేను కింద చేతిపంపు కొట్టాలి. మర దగ్గర నురగ నురగగా డీజిల్ వచ్చి, బుడగలు ఆగి, ఒకే ధారగా వచ్చేదాకా కొడుతూ ఉండాలి. అప్పుడు గాలి పోయినట్టు. నాకు ఆ పని నచ్చింది. ఇప్పటికీ డీజిల్ వాసన నాకు వెగటు కాదు. కానీ ఆయన నాకు నేర్పింది నా మీద ప్రేమతో కాదు. కొడుకు వినేటట్టు, "నా కోడలు మొగోడి పని చేస్తాండాది. ఇంట్లో ఇంకోడుండాడు, వానికి గాజులు తేవల్ల," అని వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పడానికి.

గాజులు నిజంగానే తెచ్చాడు. బోల్టులూ వాషర్లూ కావాలంటే ఆయన పట్నంలోని బళేపేటకు పోయేవాడు. అక్కడ ఇనప సామాన్ల అంగళ్లు, గాజుల అంగళ్లు ఒకే సందుల్లో ఉంటాయి. ఒకసారి తిరిగొచ్చి, అందరం అన్నానికి కూర్చున్నప్పుడు, సంచిలోంచి కాగితం పొట్లం తీసి కొడుకు విస్తరి పక్కన పెట్టాడు. ఆకుపచ్చ గాజుగాజులు. ఆడవాళ్ల కొలత కాదు, పెద్దవి. కొడుకు పగలు కునుకు తీస్తున్నప్పుడు అరచేతి చుట్టూ తీగ చుట్టి కొలత తీసుకుపోయాడట. ఆ సంగతి కూడా ఆయనే చెప్పి నవ్వాడు.

నా మొగుడు చెయ్యి కడుక్కుని వచ్చాడు. ఏమీ అనకుండా గాజులు రెండు చేతులకూ తొడుక్కున్నాడు. మళ్లీ కూర్చుని అన్నం తిన్నాడు. తోటకు పోయి తీగలకు మందు కొట్టాడు, మడవలు కట్టాడు. పారదెబ్బకొకటీ కొమ్మ తగిలి ఒకటీ అవే పగిలిపోయేదాకా తీయలేదు. ముంజేతుల మీద గీతలు పడ్డాయి. కూలీలు చూశారు, పాలవాడు చూశాడు. ఒకటి రెండు రోజులు గడిచేసరికి మామకే నవ్వు రాకుండా పోయింది. "తీసేయ్‌రా," అన్నాడు. కొడుకు తీయలేదు.

అతను ఆ రోజుల్లో ఏమనుకుంటూ తిరిగేవాడో నాకు చెప్పలేదు. నేను అడిగితే, "ఏముండాది," అనేవాడు.

రెండువేల సంవత్సరం దాటాక, తోటలు ఒకటొకటిగా ఇళ్ల సైట్లుగా మారుతున్న రోజుల్లో, మామకు పక్షవాతం వచ్చింది. పొద్దున పళ్లు తోముకుంటూ కొట్టం దగ్గర పడిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట కూడా పోయింది, ఒక్క మాట తప్ప. ఆసుపత్రిలో కళ్లు తెరిచి డాక్టరును చూసి, "సోంబేరి" అన్నాడు. నర్సును చూసి అదే అన్నాడు. నీళ్లు కావాలన్నా అదే, నొప్పి పుట్టినా అదే. కొందరికి అట్లా ఒకే మాట మిగిలిపోతుందని, దాన్ని తిట్టుగా తీసుకోవద్దని డాక్టరు చెప్పాడు. నా మొగుడు ఆ మాట విని వరండాలోకి పోయి నవ్వాడు. పెళ్లయినప్పటి నుంచి అతను అంతగా నవ్వగా నేను చూడలేదు. కళ్లనీళ్లు తుడుచుకుని మళ్లీ లోపలికి వచ్చాడు.

ఇంటికి తెచ్చాక తండ్రికి అతను చేసిన సేవ చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. తానే స్నానం చేయించేవాడు. గడ్డం గీసేవాడు. రాగిసంగటి పలచగా చేయించి తానే తినిపించి, మూతి తుడిచేవాడు. "కొడుకంటే ఇట్లుండల్లప్పా," అని చూడవచ్చినవాళ్లు వాళ్ల కొడుకులకు చెప్పుకునేవాళ్లు. రోజూ పొద్దున మామను ఎత్తుకొచ్చి వసారాలో కుర్చీలో కూర్చోబెట్టేవాడు. కుర్చీ ముఖం ట్రాక్టరు వైపు ఉండేది. అది ఆయనకు ఇష్టమని అనుకున్నాను.

ఆ ఎండాకాలంలో ట్రాక్టరు ఆగిపోవడం మొదలైంది.

పొద్దున మామూలుగానే స్టార్టయ్యేది. వాకిలి దాటి తోటలోకి పోయి కొంత దున్నేది. తర్వాత చప్పుడు సన్నగిల్లి, దగ్గి, ఆగిపోయేది. మళ్లీ ఎంత తిప్పినా లేవదు. మరునాడు పొద్దున ఏమీ ఎరగనట్టు మళ్లీ లేచేది. ఇన్నేళ్లు ట్రాక్టరు రిపేరిని ముట్టనని మొండికేసిన నా మొగుడు ఈసారి చొక్కా విప్పి దాని దగ్గరికి పోయాడు. నేను ఆశ్చర్యపోయాను. తండ్రి లేవలేడు గనక ధైర్యం వచ్చిందనుకున్నాను.

తండ్రి కళ్ల ముందే, వాకిట్లో గోనెపట్టా పరిచి, అన్నీ విప్పాడు. ఫిల్టర్లు మార్చాడు. గొట్టాలు ఊది చూశాడు. నాజిళ్లు తీసి యలహంకలో పరీక్ష చేయించుకొచ్చాడు. అవి బాగానే ఉన్నాయన్నారు. తిరిగి బిగించాడు. నేను పంపు కొట్టి గాలి తీసిచ్చాను. స్టార్టయింది, పోయింది, ఆగింది. ఊళ్లోంచి మెకానిక్ వచ్చాడు. "ట్యాంకు చూసినారా?" అని అడిగాడు.

"అంతా చూసినా. నువ్వు పంపు చూడు," అన్నాడు నా మొగుడు.

మెకానిక్ పంపు విప్పుకుపోయి, దానిలో ఏ లోపమూ లేదని తెచ్చి ఇచ్చాడు. మళ్లీ బిగించారు. మళ్లీ ఆగింది.

ఇదంతా జరుగుతుంటే వసారాలో మామ కుదురుగా ఉండేవాడు కాదు. కుర్చీలో ముందుకు వంగి, పడిపోబోయి, ఎడమచేత్తో నడినెత్తి మీద తట్టుకునేవాడు. టపటపా తట్టుకునేవాడు. "సోంబేరి! సోంబేరి!" అని గొంతు చించుకునేవాడు. నా మొగుడు స్పానరు కింద పెట్టి, చేతులు శుభ్రంగా తుడుచుకుని, దగ్గరికి పోయేవాడు.

"ఏం నాయనా, తలనొప్పా?"

మామ తల అడ్డంగా ఊపేవాడు. మళ్లీ నెత్తి తట్టుకునేవాడు, ట్రాక్టరు వైపు చెయ్యి చాపేవాడు.

"తలనొప్పే. ఎండకు వస్తాండాది," అని నా మొగుడు తలనొప్పి మందు తెచ్చి ఆయన నుదుటికి దండిగా రాసేవాడు. చెమటతో అది కళ్లలోకి దిగేది. ఒక్క చేత్తో ఎంతని తుడుచుకుంటాడు? కళ్లు ఎర్రబడి, నీళ్లు కారి, ఆయన మూసుకుపోయిన కళ్లతోనే ఇంజను ఆగిపోయే చప్పుడు వింటూ కూర్చునేవాడు. నా మొగుడు మళ్లీ పోయి ఏదో ఒకటి విప్పేవాడు. రోజూ ఇదే. చూడవచ్చినవాళ్లు, పాపం ట్రాక్టరు మీద ఎంత ప్రాణమో ముసలాయనకు, ఏడుస్తున్నాడు అనేవాళ్లు.

ఒకనాడు మధ్యాహ్నం నా మొగుడు వాషర్ల కోసం బళేపేటకు పోయాడు. నేను మామకు మజ్జిగ ఇవ్వడానికి పోయాను. ఆయన మళ్లీ నెత్తి తట్టుకున్నాడు. పాపమని నేనూ మందు డబ్బా అందుకోబోయాను. ఆయన నా చెయ్యి మీద కొట్టాడు. డబ్బా దొర్లిపోయింది. పక్కన నీళ్ల చెంబు మీద చిన్న మూత ఉంది. ఆయన దాన్ని తీసి తన నెత్తి మీద పెట్టుకున్నాడు. తీసి మళ్లీ చెంబు మీద పెట్టాడు. మళ్లీ తీశాడు. నన్ను చూశాడు. ట్రాక్టరు వైపు చూశాడు.

"మూతనా మామా?"

ఆయన కళ్లు మూసుకుని ఊపిరి వదిలాడు.

డీజిల్ అందక ఆగే బండికి మూత అంటే ఒక్కటే, డీజిల్ ట్యాంకుది. ఆ పొద్దున వాకిట్లోనే తిప్పి చూస్తుంటే ఆగిపోయిన బండి అక్కడే ఉంది. పోయి మూత తిప్పాను. ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది. ఎంత గట్టిగా పీల్చుకుందంటే మూత ట్యాంకుకు అతుక్కుపోయి, లాగితే గానీ రాలేదు. అప్పుడు నాకు అర్థమైంది. వంటింట్లో నూనె డబ్బాకు ఒక్క చిల్లు పెట్టి వంచితే నూనె రాదు. గాలి పోవడానికి రెండో చిల్లు పెడితేనే ధార కడుతుంది. ట్యాంకు మూతకూ అందుకే ఒక సన్నని చిల్లు ఉంటుంది. అది మూసుకుపోతే, డీజిల్ తగ్గేకొద్దీ లోపల గాలి చాలక, డీజిల్ రావడమే ఆగిపోతుంది. బండి నిలిపి ఉంచితే ఏ సందులోంచో మెల్లగా గాలి చేరుకుంటుంది. అందుకే పొద్దున మళ్లీ లేస్తుంది.

మట్టి పట్టి ఉంటుందని మూత తిరగేశాను. జాకెట్టుకున్న పిన్నీసు తీసి చిల్లులో పొడిచాను. మట్టి కాదు. తెల్లగా, మెత్తగా, గోటికి అంటుకుంటూ వచ్చింది. వాసన చూశాను. కొవ్వొత్తి మైనం. చిల్లు నిండా కరిగించి పోసి, పైన వేలితో నున్నగా నొక్కి ఉంది.

మూత పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ట్రాక్టరును ముట్టేది ఇంట్లో ఇద్దరమే, అతనూ నేనూ.

నా మొగుడు వాషర్ల పొట్లంతో వచ్చేటప్పటికి నేను మూత బిగించి, స్టార్టు చేసి, ఇంజను వదిలేసి ఉన్నాను. అది ఆగకుండా తిరుగుతూ ఉంది. అతను గేటు దగ్గర ఆగి, విన్నాడు. నా చేతిలోని మైనం ముక్క చూశాడు. దాచుకోలేదు, తడబడలేదు.

"ఎవురు చెప్పిరి?"

"మామే చెప్పినాడు. మొదటి రోజు నుంచీ చెప్తానే ఉండాడు. నీకు తెలుసు."

"తెలుసు."

"మరి ఏంటికి?"

"ఆయనకు తెలియల్ల. తెలిసి చెప్పలేకపోవల్ల," అన్నాడు. మామూలు గొంతుతో, రేపు ఏ మడికి నీళ్లు కట్టాలో చెప్పినట్టు అన్నాడు. "నేను ఇరవై ఏండ్లు అట్ల కూర్చుంటి."

"రోగిష్టి మనిషి. చాలు, ఇంక ఇడిసిపెట్టు."

"నేనేమైనా అన్నం పెట్టకుండా ఉండానా? కొట్టినానా?" అని, నా చేతిలోంచి మైనం తీసుకుని వసారా ఎక్కాడు. తండ్రి ముందు గొంతుక్కూచున్నాడు. ఆ ముక్కను ఆయన కళ్ల ముందు పట్టుకున్నాడు.

"చూడు నాయనా. ఇది మూతలో పెట్టింది నేనే. రెండు నెలలుగా. నీకు తెలిసిపోయిందని నాకు తెలుసు. తలనొప్పి కాదనీ తెలుసు."

నేను పరుగెత్తాను. ఆయన గుండె ఆగిపోతుందేమోనని నా భయం. మామ ఆ మైనం ముక్కను చాలాసేపు చూశాడు. కొడుకు ముఖం చూశాడు. ఆయన మూతి ఎడమవైపు కదిలింది. ఏడుస్తాడనుకున్నాను. నవ్వాడు. సగం మూతితో, చొంగ కారుతూ, భుజం ఊగేటట్టు నవ్వాడు. పనికొచ్చే చెయ్యి ఎత్తి కొడుకు భుజం మీద వేసి తట్టాడు. మెచ్చుకున్నట్టే తట్టాడు. ఊళ్లో ఎవరైనా ఇంజను సరిగ్గా బిగిస్తే అట్లా భుజం తట్టేవాడు ఆయన. కొడుకును తట్టడం నేను చూసింది అదొక్కసారే.

నా మొగుడి ముఖం తెల్లబోయింది. ఆ చెయ్యి కింద నుంచి లేచిపోవడానికి కూడా అతనికి కాసేపు పట్టింది. లేచాడు, పోయి ఇంజను ఆపేశాడు, తోటలోకి పోయాడు.

మరునాటి నుంచి కుర్చీ వసారాలోకి రాలేదు. "బయట ఎండ జాస్తి ఉండాది," అన్నాడు నా మొగుడు. మామను లోపలి గదిలో, ధాన్యం బస్తాల పక్కన, గోడ వైపు కూర్చోబెట్టాడు. స్నానం, గడ్డం, సంగటి అన్నీ మునుపటిలాగే జరిగాయి. ట్రాక్టరు చప్పుడు మాత్రం ఆయనకు వినిపించేది, కనిపించేది కాదు. అతను లేనప్పుడు నేను కుర్చీ ఈడ్చుకుంటూ బయటికి తెచ్చేదాన్ని. బరువుకు నడుము పట్టేసేది. ఆలస్యమైందని మామ నన్ను చూసి ఆ ఒక్క మాటే అనేవాడు. డాక్టరు చెప్పింది గుర్తున్నా నాకు అది తిట్టులాగే వినిపించేది. ఆయన దాన్ని తిట్టుగానే అన్నాడని ఇప్పటికీ అనుకుంటాను.

వానలు వెనకపట్టి చలి మొదలైనప్పుడు ఆయన పోయాడు. కొడుకు చేసినంత సేవ ఎవరూ చేయరని శవం దగ్గర కూడా అన్నారు. నా మొగుడు ఏడవలేదు, అన్నీ పద్ధతిగా చేశాడు.

తోట అమ్మేశాక ట్రాక్టరుతో పని లేకపోయింది. నీళ్ల ట్యాంకరు లాగడానికి కె.ఆర్.పురం వైపు నుంచి ఒకాయన కొనడానికి వచ్చాడు. "ఏమన్నా రిపేరి ఉందా?" అని అడిగాడు. నా మొగుడు దాచకుండా అన్నీ చెప్పాడు. బ్యాటరీ సంగతి, రెండో గేరు జారే సంగతి, బ్రేకు ఎడమవైపు లాగే సంగతి. ఆయన సంతోషించి తోలుకుపోయాడు.

ఆ మధ్యాహ్నం అన్నం పెడుతూ, ఇన్నాళ్లూ నోట్లో ఉంచుకున్నది అడిగాను.

"మామ ఆరోజు ఏంటికి నవ్వినాడు?"

అతను ముద్ద కలిపాడు.

"ఆయన పని నేను నేర్చుకుంటినని," అన్నాడు. మజ్జిగ పొయ్యమని కంచం ముందుకు జరిపాడు. పోశాను.